వెయ్యి వేయకండి: తిరుపతిలో ఉండి సొంతంగా పుస్తకం అచ్చు వేయించుకోవడం ఎలా

"రాయడం అయిపోయింది, ఇప్పుడెవరు వేస్తారు సార్?" అని నెలకు ఒకరిద్దరైనా నాకు ఫోన్ చేస్తుంటారు, చిత్తూరు నుంచి, పీలేరు నుంచి, మొన్నొకరు పుత్తూరు నుంచి. నేనేదో పెద్ద రచయితనని కాదు. ఒక పుస్తకం తప్పుగానూ, ఇంకో పుస్తకం కాస్త సరిగానూ వేసుకున్న మనిషిని, అంతే. చెప్పిందే చెప్పి నోరు నొప్పి పుడుతోంది కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నా.

ముందు తేల్చుకోవాల్సింది

ప్రచురణకర్త దగ్గరికి పోవాలా, మనమే వేసుకోవాలా? ప్రచురణకర్త అంటే తన డబ్బు పెట్టి, పుస్తకాన్ని దిద్ది, అచ్చు వేసి, అమ్మి, మీకు రాయల్టీ ఇచ్చేవాడు. రాయల్టీ మామూలుగా వెలలో పది శాతం దగ్గర ఉంటుంది. 150 రూపాయల పుస్తకం 500 కాపీలూ అమ్ముడుపోతే మీ చేతికి 7,500 వస్తుంది. తక్కువే, కానీ మీ జేబులోంచి పైసా పోలేదు, కట్టలు మోయలేదు, షాపులవాళ్లను బాకీ అడగలేదు. అలాంటివాళ్లు మీ పుస్తకం తీసుకుంటామంటే సంతోషంగా ఇచ్చేయండి, ఈ వ్యాసం కూడా ఇక్కడే ఆపేయొచ్చు.

చిక్కేమిటంటే కొత్తవాళ్ల కథలకూ కవిత్వానికీ అలా సొంత డబ్బు పెట్టేవాళ్లు మన దగ్గర బాగా తక్కువ. ఎక్కువగా వినపడే మాట "ఖర్చు మీరు పెట్టుకోండి, మా పేరు మీద వేస్తాం" అనేదే. అంటే డబ్బు మీది, పేరు వాళ్లది, ఎన్ని అమ్ముడుపోయాయో చెప్పే నాథుడు ఉండడు. డబ్బు ఎలాగూ మీదే అయినప్పుడు లెక్క కూడా మీ చేతిలోనే పెట్టుకోండి అన్నది నా మాట. సొంత ప్రచురణ గొప్పదనో, స్వేచ్ఛ అనో నేను చెప్పను. అది ఒక చిన్న వ్యాపారం, చిల్లరకొట్టు లాంటిదే.

ప్రచురణకర్తకే ఇచ్చేటట్లయితే నోటిమాట మీద ఇవ్వకండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎన్నాళ్లకో రాయకపోతే ఐదేళ్లకని లెక్క, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. ఇంకో నియమం చాలామందికి తెలియదు: హక్కు తీసుకున్నవాళ్లు ఏడాదిలోగా దాన్ని వాడుకోకపోతే, ఒప్పందంలో వేరేగా రాసుకుని ఉంటే తప్ప, ఆ హక్కు రద్దయిపోతుంది. "వేస్తాం వేస్తాం" అని రాతప్రతిని నాలుగేళ్లు బీరువాలో పెట్టుకునేవాళ్ల కోసమే ఆ సెక్షన్ రాసినట్టుంటుంది.

ఈ రెండింటికీ మధ్య మూడో రకం ఉంది, ప్యాకేజీ కంపెనీ. నా మొదటి పుస్తకం అలాగే పోయింది. పేరెందుకులెండి. ఫోన్‌లో అమ్మాయి ఎంతో మర్యాదగా మాట్లాడింది, సిల్వర్, గోల్డ్, ప్లాటినం అని మూడు ప్యాకేజీలు చెప్పింది, గోల్డ్ తీసుకుంటే సర్టిఫికెట్ కూడా ఇస్తారట. తీసుకున్నాను. పుస్తకం వచ్చాక చూస్తే ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ నంబరు) వాళ్ల పేరు మీద ఉంది, అచ్చు ఫైలు అడిగితే "అది మా పాలసీ కాదు సార్" అన్నారు. అంటే రెండో ముద్రణకు కూడా మళ్లీ వాళ్ల దగ్గరికే పోవాలి. సర్టిఫికెట్ మాత్రం లామినేషన్ చేసి పంపించారు.

ఇక పని మొదలుపెడదాం.

మొదటి పని: పేర్లు రాయండి

ఫైలు తెరవకండి, ప్రెస్సుకు పోకండి. ఒక నోటుపుస్తకం తీసుకుని, మీ పుస్తకాన్ని డబ్బిచ్చి కొనే మనుషుల పేర్లు రాయండి. "కొంటారేమో" కాదు. బావమరిదీ పిన్నిగారబ్బాయీ ఈ జాబితాలోకి రారు, వాళ్లు ఊరికే ఇస్తారని ఎదురుచూస్తుంటారు, ఇవ్వకపోతే అలుగుతారు కూడా. వాళ్లకు వెనక పేజీలో వేరే జాబితా రాయండి, ఆ లెక్క కింద అవసరమవుతుంది. నేను రెండో పుస్తకానికి కూర్చుని రాస్తే మూడు రోజులకు 112 పేర్లు తేలాయి. దానికి రెండింతలు, పైన ఊరికే పంచేవి కలిపితే దగ్గర దగ్గర 300. అన్నే వేశాను.

మొదటిసారి ఇది చేయలేదు. "వెయ్యి వేసుకుంటే కాపీకి రేటు తగ్గుతుంది సార్" అంటే తలూపాను. రేటు తగ్గిన మాట నిజమే. కాపీ నలభైకే వచ్చినా మంచం కింద ఆరువందలు మిగిలితే అవి ఎంతకు వచ్చినట్టు?

లెక్క

అన్ని రేట్లూ ఊరిని బట్టి, కాగితం ధరను బట్టి మారతాయి, కాబట్టి ఈ అంకెలను ఉదాహరణగానే తీసుకుని మీ కొటేషన్ అంకెలు పెట్టుకోండి. 160 పేజీలు, 300 కాపీలు. ముద్రణ కాపీకి 70 చొప్పున 21,000, డీటీపీకి (కంప్యూటర్‌లో పేజీలు కట్టే పనికి) పేజీకి 25 చొప్పున 4,000, ముఖచిత్రం 3,000, ప్రూఫు (తప్పులు దిద్దడానికి తీసే నమూనా ప్రతి) చూసినవారికి 2,000. మొత్తం 30,000, అంటే కాపీ వంద రూపాయలు పడింది. వెల 150 పెడితే లాభం యాభై అనుకుంటాం కదా? షాపువాళ్లు నలభై శాతం కమీషన్ తీసుకుంటే మీకు వచ్చేది 90. ప్రతి కాపీ మీదా పది రూపాయలు మీరే ఎదురిచ్చి అమ్ముతున్నట్టు! వెల 200 పెట్టారనుకోండి, షాపు నుంచి 120 వస్తుంది, ఇరవై మిగులుతుంది. ఆగండి, ఊరికే పంచే యాభై కాపీల మాటేమిటి? అవి తీసేస్తే అమ్మకానికి ఉన్నవి 250, అప్పుడు కాపీ ఖర్చు 120కి ఎక్కింది, షాపులో మిగిలేది సున్నా. అందుకే సొంత ప్రచురణలో డబ్బు తిరిగి రావాలంటే సగానికి పైగా మీ చేతుల మీదుగా, నేరుగా అమ్ముకోవాలి. ఇది కుదరదు, మొహమాటం అనుకుంటే ఆ 30,000 పోయినట్టే అనుకుని దిగండి, అప్పు మాత్రం చేయకండి.

మీది దేవుడి పుస్తకమో, క్షేత్ర మాహాత్మ్యమో, ధార్మిక వ్యాసాలో అయితే మన ఊళ్లోనే ఇంకో దారి ఉంది. ధార్మిక గ్రంథాల ముద్రణకు టీటీడీ ఆర్థిక సహాయం చేసే పథకం నడిపింది, ఆ సహాయంతో వచ్చిన పుస్తకాల లోపలి పేజీలో ఆ మాట అచ్చయి ఉండడం మీరు చూసే ఉంటారు. రాతప్రతి ఇచ్చి, వాళ్లు పరిశీలించేదాకా ఓపిక పట్టాలి. ప్రస్తుత నిబంధనలు ఆఫీసులో కనుక్కుని అప్పుడు అడుగు వేయండి. ప్రేమకథలకు ఈ దారి లేదు.

టైపు, ప్రూఫు

అందరూ తొందరపడేది ఇక్కడే, పరువు పోయేదీ ఇక్కడే, కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను.

మీరు ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో టైపు చేసేది యూనికోడ్, అంటే ఏ కంప్యూటర్‌లో తెరిచినా ఒకేలా అర్థమయ్యే అక్షరాల పద్ధతి. మన దగ్గర చాలా డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో, యూనికోడ్ కాని అను ఫాంట్లతోనే పేజీలు కడతారు. మీ ఫైలు వాళ్ల ఫాంట్లలోకి మార్చినప్పుడు అక్షరాలు ఊడతాయి, ముఖ్యంగా రెండు ఒత్తులు పడే చోట: స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, సూక్ష్మం. నా కథలో నాయిక పేరు లక్ష్మి. మార్పిడిలో కింది మ ఒత్తు ఎగిరిపోయి ముప్పై చిల్లర పేజీల్లో ఆమె 'లక్షి' అయి కూర్చుంది. నేను రెండుసార్లు చదివినా పట్టుకోలేదు, ఎందుకంటే నా కళ్లకు అక్కడ లక్ష్మే కనబడింది. ఆఖరికి డీటీపీ చేసే అమ్మాయే అడిగింది, "సార్, ఈ లక్షి ఎవురు సార్, యాడా ఇనలేదే ఈ పేరు" అని. ఇంగ్లీషు మాటల దగ్గర కూడా ఇదే గొడవ. పొల్లు పెట్టి విడగొట్టిన సాఫ్ట్‌వేర్ కాస్తా సాఫ్ట్వేర్‌గా అతుక్కుపోతుంది. ప్రూఫు రాగానే ముందు ఇలాంటి పది మాటలు రాసుకుని, అవి ఉన్న చోటల్లా వెతికి చూడండి, మామూలుగా చదవడం ఆ తర్వాత.

ఇన్‌డిజైన్ అనే సాఫ్ట్‌వేర్‌లో నేరుగా యూనికోడ్ ఫాంట్లతో పేజీలు కట్టేవాళ్లు దొరికితే పేజీకి ఐదు రూపాయలు ఎక్కువైనా వాళ్లకే ఇవ్వండి. మార్పిడి గొడవే ఉండదు, రేపు ఈబుక్ చేయాలన్నా ఆ ఫైలే పనికొస్తుంది. ఎవరితో చేయించినా ముందే మాట్లాడుకోవాల్సినవి రెండున్నాయి. అచ్చుకు పోయే పీడీఎఫ్‌తో పాటు దిద్దుబాటుకు వీలయ్యే అసలు ఫైలు కూడా మీకివ్వాలి. దిద్దుబాట్లు ఎన్నిసార్లు ఉచితమో తేలాలి, మామూలుగా మూడు ప్రూఫులు. వాట్సాప్‌లో రాయించుకున్నా చాలు, అదొక ఆధారం.

ప్రూఫు స్క్రీన్ మీద చదవకండి, కాగితం మీద తీయించుకోండి. మొదటి ప్రూఫు మీరు చదవండి. రెండోది మీ కథలు ఇంతకుముందు చదవని మనిషికి ఇవ్వండి, రిటైరైన తెలుగు మాస్టారు ఎవరైనా మీ వీధిలోనే ఉంటారు, ఊరికే చేయించుకోకుండా ఎంతో కొంత ఇవ్వండి. మూడోది ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు చూడాలి. మూడో ప్రూఫులో కథ మార్చడం మొదలుపెడితే డీటీపీవాళ్లు మిమ్మల్ని తిట్టుకుంటారు, న్యాయమే.

ఐఎస్‌బీఎన్

దీనికి ఎవరికీ డబ్బులివ్వకండి. మన దేశంలో రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఐఎస్‌బీఎన్ ఏజెన్సీ దీన్ని ఉచితంగా ఇస్తుంది, రచయిత తన పేరు మీదే ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. గుర్తింపు కార్డు, పుస్తకం వివరాలు దగ్గర పెట్టుకుని కూర్చోండి. అచ్చు పుస్తకానికి ఒక నంబరు, అదే ఈబుక్ అయితే ఇంకొకటి. నంబరు ఎప్పుడొస్తుందో మన చేతిలో లేదు కాబట్టి ప్రూఫులు నడుస్తుండగానే పెట్టేయండి, లేకపోతే కవరు సిద్ధమై బార్‌కోడు కోసం ఆగిపోతుంది. కాపీరైట్ అయితే రాసిన క్షణం నుంచే మీది. కావాలంటే 500 రూపాయల ఫీజుతో రిజిస్టర్ చేసుకోవచ్చు, తప్పనిసరి కాదు, నేను చేయించలేదు.

ప్రెస్సు

మాట్లాడేటప్పుడు పేజీలని కాకుండా ఫారాలని మాట్లాడండి, మీకు కొంచెం తెలుసని వాళ్లకు అర్థమవుతుంది. ఫారం అంటే పదహారు పేజీలు. 160 పేజీలంటే సరిగ్గా పది ఫారాలు. 163 వచ్చిందనుకోండి, ఆ మూడు పేజీల కోసం కాగితం వృథా అవుతుంది, ముందుమాటలు తగ్గించండి (నలుగురు పెద్దలు నాలుగు ముందుమాటలు రాస్తే అసలు పుస్తకం ఎక్కడ మొదలైందో చదివేవాడికి దొరకదు). కథలకూ నవలలకూ డెమీ సైజు (మామూలు నవలల సైజు), 70 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క) కాగితం, 300 జీఎస్‌ఎం కవరు, మ్యాట్ లామినేషన్ చాలు. మరీ తెల్లటి కాగితం కన్నా కొంచెం పసుపు ఛాయ ఉన్న నాచురల్ షేడ్ కంటికి హాయి.

ఎక్కడ వేయించాలి? తిరుపతిలో శుభలేఖలూ కరపత్రాలూ చక్కగా వేస్తారు, పుస్తకాలు వేసేవాళ్లూ ఉన్నారు, కానీ బైండింగ్ అక్కడే చేస్తారా బయటికి పంపిస్తారా అడగండి, ఆలస్యం అక్కడే జరుగుతుంది. చెన్నై మనకు మూడు గంటల దారి, విజయవాడ, హైదరాబాద్, శివకాశి ఎలాగూ ఉన్నాయి. మూడు చోట్ల కొటేషన్ తీసుకోండి, లారీ ఖర్చు కలిపి పోల్చండి. 300 లోపైతే డిజిటల్ (ఫైలు నుంచి నేరుగా వేసేది), అంతకు మించితే ఆఫ్‌సెట్ (ముందు ప్లేట్లు చేసి వేసేది) అన్నది మోటు లెక్క. మరీ ముప్పై నలభై కాపీలు చాలనుకుంటే పోతీ డాట్ కామ్, నోషన్ ప్రెస్ లాంటి ప్రింట్ ఆన్ డిమాండ్ (అడిగినప్పుడే అచ్చు వేసే) దారులున్నాయి, కాపీ ధర ఎక్కువ, నిల్వ బాధ లేదు. కిండిల్ (అమెజాన్ వాళ్ల ఈబుక్ వేదిక) గురించి అడుగుతుంటారు: దానిలో మొదట చోటు దొరికిన ఐదు భారతీయ భాషల్లో తెలుగు లేదు, కాబట్టి ఫైలు తయారు చేసుకునే ముందే భాషల జాబితా చూసుకోండి.

అన్నీ ఒకేసారి వేయించకుండా ఒక్క కాపీ కట్టించి చూపించమనండి. దాన్ని నడిమిపేజీ దగ్గర బాగా విప్పి చూడండి, జిగురు విడిపోతోందా, లోపలి అంచులో అక్షరాలు మడతలోకి పోతున్నాయా అని. పుస్తకం వెన్ను మీద పేరు కూడా చూడండి. 160 పేజీల పుస్తకానికి వెన్ను 8 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, మన అక్షరాలకు పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కాబట్టి ఇంగ్లీషు పేరు పట్టినంత తేలిగ్గా పట్టదు. "ప్లేటు ఎక్కినాక మార్చేది ఉండదు సార్, సంతకం పెట్టేయండి" అని తొందర పెడతారు. ఇంటికి తీసుకుపోయి, ఒక రాత్రి పడుకుని లేచి, పొద్దున్నే చూసి పెట్టండి.

వివరాల పేజీ

పుస్తకం పేరు, మీ పేరు, కాపీరైట్ ఎవరిది, మొదటి ముద్రణ ఏ నెల, ప్రతులు ఎన్ని, వెల, ముద్రణ ఎక్కడ, ప్రచురణ ఎవరు. ఆ కింద "ప్రతులకు" అని చిరునామా, ఫోన్ నంబరు. ఇంటి నంబరు కాకుండా దీనికోసమే ఒక సిమ్ తీసుకోండి, ఆ పేజీ పదేళ్ల తర్వాత కూడా ఎవరో ఒకరి చేతిలో ఉంటుంది. చివరి పేజీలో యూపీఐ క్యూఆర్ వేయిస్తే ఇంకా మంచిది.

అచ్చయిన ముప్పై రోజుల్లోగా ప్రచురణకర్త, అంటే ఇప్పుడు మీరే, కలకత్తా జాతీయ గ్రంథాలయానికి ఒక కాపీ, చెన్నై, ముంబై, ఢిల్లీ గ్రంథాలయాలకు ఒక్కోటి సొంత ఖర్చుతో పంపాలని 1954 నాటి చట్టం ఉంది. చెన్నైలో అది కన్నెమరా లైబ్రరీ. మొత్తం నాలుగు కాపీలు. మన ఇంట్లో చెదలు తిన్నా అక్కడ ఒక కాపీ ఉంటుంది కదా.

ఆవిష్కరణ

ఆ రోజు అమ్ముడుపోయినన్ని కాపీలు మళ్లీ ఏ రోజూ పోవు. కాబట్టి బల్ల గుమ్మం దగ్గరే వేయండి, పక్కన చిల్లర, క్యూఆర్, మొహమాటం లేని కుర్రాడొకడు. వేదిక మీద ఉన్నవాళ్లకు తప్ప ఎవరికీ ఊరికే ఇవ్వకండి. శాలువాలు తగ్గించండి, ఒక్కో శాలువా ఖర్చుకు పుస్తకం ఒకటి వస్తుంది. తేదీ విషయంలో ఒక మాట: ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం కదా అని ఆ రోజే పెట్టకండి, వచ్చే నలుగురూ వేరే సభలకు పోతారు. బ్రహ్మోత్సవాల రోజుల్లో అయితే బయటినుంచి పిలిచిన అతిథికి రైలు టికెట్టూ దొరకదు, ఊళ్లో గదీ దొరకదు.

అమ్మకం, పోస్టు

షాపుల్లో "అమ్ముడుపోతే ఇస్తాం" అనే పద్ధతి. ఇచ్చిన ప్రతి కట్టకూ రసీదు తీసుకోండి, పదికి మించి ఒకచోట ఇవ్వకండి, మూడు నెలలకోసారి పోయి అడగండి. అడగకపోతే ఎవరూ పిలిచి ఇవ్వరు. డిసెంబరులో హైదరాబాద్, జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనల్లో ఇద్దరు ముగ్గురు కలిసి ఒక స్టాల్‌లో చోటు పంచుకోవచ్చు. అచ్చు పుస్తకానికి జీఎస్టీ లేదు.

నేరుగా అమ్మేవాటికి పోస్టు ఖర్చే తలనొప్పిగా ఉండేది. 2025 మే 1 నుంచి తపాలా శాఖ జ్ఞాన్ పోస్ట్ అని ఒకటి మొదలుపెట్టింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, ఐదు కిలోల దాకా 100, పన్ను అదనం, ట్రాకింగ్ ఉంటుంది. పుస్తకం మీద ముద్రాపకుడి పేరో ప్రచురణకర్త పేరో ఉండాలి, ప్రకటనల పుస్తకమైతే కుదరదు. మన వైపు వెనక అట్ట మీద రియల్ ఎస్టేట్ వాళ్ల యాడ్ వేసి ఖర్చు రాబట్టుకునే అలవాటుంది, అలా వేశారంటే ఈ సౌకర్యానికే ఎసరు రావచ్చు. బరువు లెక్క నేను వేసి చూశాను. డెమీ సైజు 70 జీఎస్‌ఎం ఆకు రెండు గ్రాముల పైచిలుకు తూగుతుంది. 160 పేజీల పుస్తకం కవరుతో కలిపి 190 లోపు, ప్యాకింగ్ కలిపినా 300 దాటదు. పద్నాలుగు ఫారాల దాకా నిశ్చింత, ఆ పైన అయితే తూకం వేసుకోండి. రాసేటప్పుడు ఇది గుర్తు పెట్టుకోమని కాదు, దిద్దేటప్పుడు గుర్తు పెట్టుకోండి.

చివరగా, దాచడం. 2021 నవంబరు వానలకు తిరుపతి మునిగినప్పుడు మా వీధి పల్లం కాబట్టి ఇంట్లోకి మోకాటి లోతు నీళ్లు వచ్చాయి. మంచం కింద ఉన్న పెట్టెలు రెండు రోజులు నానాయి. ఎండబెడితే పుస్తకాలు అప్పడాల్లా ఉబ్బాయి, పాతకాగితాల అతను కిలో లెక్కన కూడా వద్దన్నాడు, తడివని. ఇప్పుడు అటక మీద, కింద చెక్క వేసి, పాలిథిన్ చుట్టి పెడుతున్నా. ప్రతి పెట్టె మీదా ఎన్ని మిగిలాయో స్కెచ్ పెన్నుతో రాసి, తీసినప్పుడల్లా కొట్టేసి కొత్త అంకె వేయండి. నా పెట్టె మీద ప్రస్తుతం 37 అని ఉంది.